శబ్దం రాని వాల్వే ప్రమాదం: పాత పోర్షే 911లో వాల్వ్ సెట్టింగ్ ఎందుకు వాయిదా వేయకూడదు, ఎలా చేసుకోవాలి

డల్లాస్ దగ్గర 1982 పోర్షే 911 ఎస్‌సీ కొన్నప్పుడు నేను ముందుగా చూసినవి తుప్పు, పెయింట్, పేపర్లు. ఇంజన్ స్టార్ట్ చేస్తే చక్కగా నడిచింది. ఎక్కడా టిక్‌టిక్ లేదు. పేపర్లు తిరగేస్తే చివరి వాల్వ్ సెట్టింగ్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీని సరిచేయడం) జరిగి 31,000 మైళ్లు దాటింది. ఇంజన్ ఇంత నిశ్శబ్దంగా ఉంది కదా, చలికాలం వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. ఎనిమిది నెలలు తిరిగేసరికి మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ (కాలిన గ్యాస్‌ను బయటికి వదిలేది) అంచు కాలిపోయింది. ఇంజన్ మొత్తం కిందికి దింపి హెడ్ (సిలిండర్ మీద మూతలా ఉండి వాల్వ్‌లను పట్టి ఉంచే భాగం) విప్పించాల్సి వచ్చింది.

ఆ రోజు నాకు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది: లూజైన వాల్వ్ శబ్దం చేస్తుంది, టైటైన వాల్వ్ నోరు మూసుకుని కాలిపోతుంది. ఇంజన్ చప్పుడు లేకుండా నడుస్తోందని ధైర్యంగా ఉండటమే ఈ బండ్ల యజమానులు ఎక్కువగా చేసే తప్పు. అందుకే ఈ పని ఎందుకు ఆపకూడదో, ఇప్పటికే ఆలస్యమైతే ఏం చూసుకోవాలో, చేతులతో ఎలా చేసుకోవాలో ఒకచోట రాస్తున్నాను.

ముందుగా: మీ బండికి ఈ పని ఉందా?

911ను 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మొదటిసారి చూపించారు. గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజన్ అందులో 1998 దాకా కొనసాగింది. మొదటి కార్ల నుంచి 964 మోడల్ వరకు వాల్వ్ గ్యాప్‌ను చేత్తో సెట్ చేయాల్సిందే. ఆ తర్వాత వచ్చిన 993లో హైడ్రాలిక్ లిఫ్టర్లు పెట్టారు. అవి ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్‌ను తామే సర్దుకుంటాయి కాబట్టి 993 ఉన్నవాళ్లకు ఈ పని లేదు.

వేరే పాత స్పోర్ట్స్ కారు ఉంటే సూత్రం ఇదే, అంకెలు మాత్రం వేరు. డాట్సన్ 240జెడ్‌లో ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ (గాలిని లోపలికి వదిలే వాల్వ్) 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. పెడతారు. ఫెరారీ 308లో స్క్రూ ఉండదు, కొలిచిన మందం ఉన్న షిమ్ బిళ్లలు మార్చాలి. ఒక బండి అంకెను ఇంకో బండికి ఎప్పుడూ వాడకండి.

మన 911కి గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒక్కటే: 0.10 మి.మీ. ఇన్‌టేక్‌కైనా ఎగ్జాస్ట్‌కైనా అంతే, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు. ప్రింటర్‌లో పెట్టే కాగితం ఒక్కటి ఎంత మందం ఉంటుందో సుమారుగా అంత. 1984–89 మధ్య వచ్చిన 3.2 కరెరాకు అమెరికాలో 15,000 మైళ్లకు ఒకసారి, అంటే సుమారు 24,000 కి.మీ.కు ఒకసారి చేయమన్నారు. ఇంకా పాత మోడళ్లలో కొన్నిటికి గడువు దానికంటే తక్కువ. మీ బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నదే ఆఖరి మాట.

గ్యాప్ ఎందుకు మారుతుంది?

911లో సిలిండర్‌కు రెండు వాల్వ్‌ల చొప్పున మొత్తం పన్నెండు. కామ్ (గుడ్డు ఆకారపు ఉబ్బులున్న ఇరుసు) తిరుగుతూ రాకర్ ఆర్మ్‌ను ఒక పక్క నుంచి లేపుతుంది, రాకర్ రెండో కొస వాల్వ్‌ను కిందికి నొక్కుతుంది. ఆ కొసలో ఒక స్క్రూ, దాని చివర కాస్త అటూ ఇటూ వాలే చిన్న గుండ్రటి పాదం ఉంటాయి. ఏనుగు పాదంలా ఉంటుందని దాన్ని ఎలిఫెంట్ ఫుట్ అంటారు. ఆ పాదానికీ వాల్వ్ తలకీ (కాడ పై కొసకీ) మధ్య ఉండే ఖాళీనే మనం కొలిచే గ్యాప్.

గంటకు 60 మైళ్ల వేగం, 3,000 ఆర్‌పీఎం అనుకుని లెక్క వేయండి. ప్రతి వాల్వ్ నిమిషానికి 1,500 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. 15,000 మైళ్లు తిరిగేసరికి అది 2 కోట్ల 25 లక్షల సార్లు అవుతుంది. అన్నిసార్లు దెబ్బ పడితే ఏదో ఒకటి అరగక తప్పదు. ఏది అరిగిందన్న దాన్ని బట్టి గ్యాప్ పెరుగుతుందో తగ్గుతుందో ఉంటుంది.

రాకర్ ముఖం, కామ్, ఎలిఫెంట్ ఫుట్ అరిగితే గ్యాప్ పెరుగుతుంది. వాల్వ్ సీటు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనుకునే అంచు) అరిగి వాల్వ్ హెడ్ లోపలికి దిగినా, వేడికి వాల్వ్ కాడ సాగినా గ్యాప్ తగ్గుతుంది. వాల్వ్ తల రాకర్ వైపు జరుగుతుంది కాబట్టి. ఎగ్జాస్ట్ వైపు ఈ రెండో రకం ఎక్కువ.

టైట్ అయితే లోపల ఏం జరుగుతుంది

ఆలస్యం చేస్తే వచ్చే అసలు నష్టం ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బండి కష్టపడుతున్నప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ హెడ్ 700 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి దానికి ఉన్న పెద్ద దారి సీటు. వాల్వ్ మూసుకుని సీటుకు అంటుకుని ఉన్న కొద్ది క్షణాల్లోనే వేడిలో ఎక్కువ భాగం సీటులోకి, అక్కడి నుంచి హెడ్‌లోకి, హెడ్ రెక్కల మీదుగా గాలిలోకి పోతుంది. మిగిలింది కాడ గుండా గైడ్‌లోకి (కాడ జారే గొట్టంలోకి) పోతుంది. పోర్షే ఈ ఎగ్జాస్ట్ వాల్వ్‌ల కాడ లోపల సోడియం నింపింది. సోడియం 98 డిగ్రీల దగ్గరే కరిగి, కాడలో పైకీ కిందికీ ఎగిసిపడుతూ వేడిని మోస్తుంది. వేడిని బయటికి పంపడం కోసం తయారుచేసినవాళ్లు అంత తంటాలు పడ్డారు.

ఇప్పుడు గ్యాప్ సున్నా అయిందనుకోండి. వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు, వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. వేడి పోయే పెద్ద దారి మూసుకుపోయింది. పైగా సిలిండర్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ ఆ మంట అదే సందులోంచి దూసుకొస్తుంది. ఇనుప షీట్లు కోసే గ్యాస్ కటింగ్ టార్చ్ ఎలా పనిచేస్తుందో చూసి ఉంటారు. ఇది కూడా అలాంటిదే. వాల్వ్ అంచున మొదట ఒక చిన్న గాడి పడుతుంది. గాడి పడ్డాక సందు పెద్దదవుతుంది, సందు పెద్దదైతే మంట ఎక్కువ వస్తుంది, మంట ఎక్కువైతే గాడి లోతవుతుంది. ఇది ఒకసారి మొదలైతే గ్యాప్ సరిచేసినా ఆగదు, ఎందుకంటే అంచు అప్పటికే పోయింది.

మరీ ముదిరితే కాలి కాలి బలం పోయిన వాల్వ్ హెడ్ కాడ నుంచి తెగి సిలిండర్‌లో పడవచ్చు. అప్పుడు పిస్టన్, హెడ్, సిలిండర్ ఒక్క దెబ్బకు పోతాయి.

మరి గ్యాప్ సున్నా అయినప్పుడు శబ్దం ఎందుకు రాదు? పాదానికీ వాల్వ్‌కీ మధ్య ఖాళీ ఉంటేనే ఒకదాన్ని ఒకటి కొట్టుకుంటాయి. ఖాళీ లేనప్పుడు కొట్టుకోవడానికి ఏమీ లేదు. నా బండి అంత మెత్తగా నడవడానికి కారణం అదే.

లూజ్ అయితే?

దీన్ని కొంత త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది మిమ్మల్ని ముందే హెచ్చరిస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే కుట్టుమిషన్ లాంటి టకటక ఉంటుంది. కామ్‌ను వాల్వ్‌ను మెల్లగా లేపి, మెల్లగా దించేలా చెక్కుతారు. గ్యాప్ పెరిగితే ఆ మెల్లగా లేచే భాగం వృథా అయి, పాదం వచ్చి వాల్వ్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. దించేటప్పుడూ అంతే, వాల్వ్ సీటు మీద దబ్బున పడుతుంది. రాకర్ ముఖం మీద, కామ్ మీది గట్టి పొరలో గుంటలు పడతాయి, ఎలిఫెంట్ ఫుట్ త్వరగా అరుగుతుంది. వాల్వ్ తెరుచుకునేది తగ్గి పికప్ కొద్దిగా పడిపోతుంది. నష్టమే, కానీ నెమ్మదిగా వచ్చే నష్టం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఈ ఇంజన్లలో పిసరంత లూజ్ ఉన్నా పర్లేదు, టైట్ మాత్రం వద్దంటారు. నేనూ అదే నమ్ముతాను.

మూత తీయకపోవడం వల్ల పోయే ఇంకో విషయం

వాల్వ్ సెట్టింగ్ అంటే గ్యాప్ సరిచేయడం మాత్రమే అనుకుంటారు చాలామంది. పాత 911లో వాల్వ్‌ల మీద ఉండే మూతలు తీసి లోపల చూడటం కూడా అంతే విలువైన పని.

హెడ్‌ను సిలిండర్ మీద బిగించి ఉంచే స్టడ్‌లలో (మరలున్న పొడవాటి కడ్డీలలో) కింది వరుసవి, అంటే ఎగ్జాస్ట్ వైపువి, డిలావర్ అనే మిశ్రమ లోహంతో చేసినవి. 1978–83 ఎస్‌సీలో ఇవి విరగడం పేరుమోసిన జబ్బు. తేమకు పైన తుప్పు గుంటలు పడి, ఒక రోజు ఎవరికీ తెలియకుండా విరిగిపోతాయి. విరిగాక కూడా బండి నడుస్తూనే ఉంటుంది. అది బయటపడేది ఎక్కువగా కింది వాల్వ్ మూత తీసినప్పుడే. నట్, దానితోపాటు స్టడ్ ముక్క ఆ మూతలో పడి దొరుకుతాయి. సెట్టింగ్ రెండుసార్లు ఎగ్గొడితే విరిగిన స్టడ్‌తోనే ఆ రెండు గడువులూ తిరిగేస్తారు. హెడ్ వదులై సిలిండర్ అంచు దగ్గర మంట లీకవుతుంది, అల్యూమినియం తినేస్తుంది.

రాకర్ షాఫ్ట్ వదులై పక్కకు జరగడం, అక్కడి నుంచి ఆయిల్ కారడం, కామ్ మీద గీతలు ఇవన్నీ కూడా మూత తీస్తేనే కనిపిస్తాయి.

ఇక్కడ ఒక ప్రశ్న నాకు తరచూ వస్తుంది: బండి ఏడాదికి 1,000 మైళ్లు కూడా తిరగదు, అయినా చేయాలా? గ్యాప్ మారేది నడకతోనే, క్యాలెండర్‌తో కాదు. గ్యారేజీలో నిలబడ్డ బండి వాల్వ్ దానంతట అది టైట్ అవదు. కానీ స్టడ్‌ల మీద తుప్పు, గ్యాస్కెట్లు గట్టిపడటం మాత్రం కాలంతోనే వస్తాయి. తక్కువ తిరిగే బండికైనా నాలుగైదేళ్లకోసారి మూతలు తీసి చూడమని నా సలహా. కొత్తగా కొన్న బండికి నమ్మదగిన రికార్డు లేకపోతే మైళ్లు లెక్కపెట్టకుండా మొదటి నెలలోనే చేయించండి.

ఇప్పటికే ఆలస్యమైతే: ముందు ఇవి చూడండి

గడువు దాటిపోయిందని తెలిస్తే సెట్టింగ్ అయ్యేవరకు బండిని గట్టిగా లాగకండి. హైవే మీద ఎక్కువసేపు ఎక్కువ ఆర్‌పీఎంలో నడపడం, కొండ ఎక్కించడం, ట్రాక్ మీదికి తీసుకెళ్లడం మానండి.

టైట్ వాల్వ్‌కు శబ్దం ఉండదు గానీ కొన్ని గుర్తులు ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిలింగ్‌లో ఒక సిలిండర్ లయ తప్పినట్టు ఊగడం. వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువసేపు తిప్పాల్సి రావడం. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే గాలి సమంగా కాకుండా పఫ్, పఫ్ అని మధ్యలో ఆగడం. నా బండి ఈ మూడూ చూపించింది. పెట్రోల్ ఇంజెక్షన్ సమస్య అనుకుని నేను వేరే చోట వెతుకుతూ కూర్చున్నాను.

అనుమానం ఉంటే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఆరు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి, ఒకటి మాత్రమే బాగా తక్కువ ఉంటే అక్కడ పని ఉంది. ఆ తర్వాత లీక్‌డౌన్ టెస్ట్ ఎంతో మేలు. పిస్టన్‌ను కంప్రెషన్ టీడీసీ (రెండు వాల్వ్‌లూ మూసుకుని పిస్టన్ పై కొసన ఉండే చోటు) దగ్గర పెట్టి, ప్లగ్ రంధ్రం నుంచి గాలి ఎక్కించి, ఎంత పోతోందో గేజ్‌లో చూస్తారు. గాలి ఎక్కడి నుంచి పోతోందో చెవితో వినండి. సైలెన్సర్ నుంచి బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, ఇన్‌టేక్ గొట్టం నుంచి వస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర వస్తే పిస్టన్ రింగులు. జాగ్రత్త: గాలి ఎక్కించగానే క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) ఒక్కసారిగా తిరగవచ్చు. పుల్లీ మీద స్పానర్ వదిలేయకండి, వేళ్లు పెట్టకండి.

ఒక మంచి కిటుకు ఉంది. లీక్ కనిపించిన వాల్వ్ స్క్రూను పూర్తిగా వదులు చేసి మళ్లీ గాలి ఎక్కించండి. బుస్సు ఆగిపోతే వాల్వ్ బాగానే ఉంది, గ్యాప్ మాత్రమే పోయింది, మీరు సకాలంలో మేల్కొన్నట్టే. స్క్రూ వదులు చేసినా బుస్సు ఆగకపోతే అంచు కాలింది. అప్పుడు హెడ్ విప్పడం తప్ప దారి లేదు. నా మూడో సిలిండర్‌లో అది ఆగలేదు.

పని చేసే విధానం

మొదటిసారి చేసుకునేవాళ్లు ఒక రోజంతా పెట్టుకోండి. తొందరపడితే ఈ పని కుదరదు.

*1. చల్లార్చడం.* రాత్రంతా బండిని కదపకుండా ఉంచి పొద్దున చేయండి. గంటో రెండు గంటలో చల్లారితే చాలదు. మా నాన్న పాత బుల్లెట్‌కు ట్యాపెట్ సెట్టింగ్ చేయించేటప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ బండిని ముందు రోజు సాయంత్రమే వదిలి వెళ్లమనేవాడు. పొద్దున పుష్‌రాడ్‌ను రెండు వేళ్ల మధ్య తిప్పి చూసేవాడు: హాయిగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. 0.10 మి.మీ. అన్న అంకె కూడా చల్లటి ఇంజన్‌కే వర్తిస్తుంది.

*2. సామాను.* 0.10 మి.మీ. బ్లేడు పట్టే 911 ప్రత్యేక ఫీలర్ గేజ్ (సందును సన్నటి బ్లేడుతో కొలిచే పనిముట్టు) కొనండి. ఎలిఫెంట్ ఫుట్ ఉన్న చోటికి మామూలు గేజ్ తిన్నగా వెళ్లదు. బ్లేడ్లు వంగిపోతాయి, విరుగుతాయి, అందుకే అదనంగా నాలుగైదు తెచ్చుకోండి. ఇంకా 13 మి.మీ. స్పానర్, పొట్టి ఫ్లాట్ స్క్రూడ్రైవర్, కొత్త వాల్వ్ కవర్ గ్యాస్కెట్లు, నట్‌ల కింద వేసే కొత్త వాషర్లు, చిన్న టార్క్ రెంచ్, టార్చ్ లైట్, పుస్తకం, పెన్ను. పుస్తకం, పెన్ను మర్చిపోకండి.

*3. బండి ఎత్తడం.* ఇన్‌టేక్ వాల్వ్‌లు పైన, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు కింద ఉంటాయి కాబట్టి సగం పని బండి కింద పడుకునే చేయాలి. వెనక భాగం ఎత్తి గట్టి జాక్ స్టాండ్ల మీద పెట్టండి. ఉత్త జాక్ మీద ఆపి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. వెనక చక్రాలు తీసేస్తే చెయ్యి బాగా ఆడుతుంది. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, బ్యాటరీ వైరు తీసేయండి. ప్లగ్‌లు విప్పితే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఈ పనిని ఆయిల్ మార్పుతో కలిపి పెట్టుకుంటే ఇంజన్‌లో ఆయిల్ ముందే దించేయొచ్చు, కింది మూతలు తీసినప్పుడు ముఖం మీద అంతగా కారదు.

*4. మూతలు తీయడం.* మూతల చుట్టూ ఉన్న మట్టి, జిడ్డు ముందు బ్రష్‌తో శుభ్రం చేయండి, లేకపోతే అదంతా లోపలికి పోతుంది. ఏసీ కంప్రెసర్ అడ్డొస్తే దాని గొట్టాలు విప్పకుండా బోల్టులు మాత్రం తీసి పక్కకు జరపండి. కింది మూత తీయగానే అందులోని ఆయిల్‌ను ఒక తెల్లటి గిన్నెలో పోసి చూడండి. నట్ ఉందా, స్టడ్ ముక్క ఉందా, మెరిసే లోహపు రజను ఉందా? తర్వాత లోపల హెడ్ నట్‌లను ఒక్కొక్కటిగా వేలితో కదిపి చూడండి. ఏదైనా కదిలితే సెట్టింగ్ అక్కడే ఆపేయండి, ముందు ఆ స్టడ్ సంగతి తేల్చాలి.

*5. ఒకటో సిలిండర్ టీడీసీ.* బండి వెనక నిలబడి చూస్తే ఎడమ వరుసలో మీకు దగ్గరగా ఉన్నది ఒకటో సిలిండర్, దాని ముందు రెండు, మూడు. కుడి వరుసలో దగ్గరది నాలుగు, ఆపైన అయిదు, ఆరు. క్రాంక్ పుల్లీని గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పండి. పుల్లీ మీది జెడ్ 1 గీత, ఫ్యాన్ హౌసింగ్ మీది గుర్తుకు ఎదురుగా రావాలి. ఇగ్నిషన్ టైమింగ్ కోసం దగ్గరలో వేరే గీతలు కూడా ఉంటాయి, వాటితో పొరపడకండి.

జెడ్ 1 గీత రెండు సందర్భాల్లో అక్కడికొస్తుంది. ఒకటి మనకు కావలసిన కంప్రెషన్ టీడీసీ, రెండోది రెండు వాల్వ్‌లూ కొద్దిగా తెరుచుకుని ఉండే చోటు. అది తేల్చడానికి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వంతులవారీగా కరెంటు పంపేది) మూత తీసి, లోపల తిరిగే రోటర్ చూడండి. డిస్ట్రిబ్యూటర్ అంచు మీద ఉన్న ఒకటో నంబర్ గాటుకు ఎదురుగా రోటర్ ఉంటే సరైన చోటే. లేకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. రాకర్‌ను చేత్తో ఆడించి చూసి నిర్ధారించుకుందామంటే మోసపోవచ్చు, ఎందుకంటే టైటైన వాల్వ్ సరైన చోట ఉన్నా ఆడదు.

*6. ముట్టుకోకముందే కొలవడం.* చాలామంది ఇది వదిలేస్తారు. నేరుగా లాక్ నట్ (స్క్రూ కదలకుండా పట్టి ఉంచే నట్) వదులు చేసి 0.10 పెట్టేస్తారు. అలా చేస్తే ఆ వాల్వ్ ఇన్నాళ్లూ ఏ స్థితిలో ఉందో ఎప్పటికీ తెలియదు. ముందు ఉన్న గ్యాప్ ఎంతో చూడండి: 0.10 బ్లేడు దూరుతోందా, దూరకపోతే 0.05 దూరుతోందా, ఏదీ దూరడం లేదా, 0.15 కూడా హాయిగా దూరుతోందా? సిలిండర్ నంబర్, ఇన్‌టేక్ లేదా ఎగ్జాస్ట్, దొరికిన గ్యాప్, మైలేజీ రాయండి. పన్నెండు వరుసలు. మీ ఇంజన్ ఆరోగ్యానికి ఇంతకంటే నమ్మదగిన రిపోర్టు ఇంకొకటి లేదు.

*7. సెట్ చేయడం.* లాక్ నట్‌ను 13 మి.మీ. స్పానర్‌తో వదులు చేయండి. బ్లేడును పాదానికీ వాల్వ్ తలకీ మధ్య పెట్టి, బ్లేడు లాగితే వెన్నలోంచి కత్తి లాగినంత ఒరిపిడి వచ్చేవరకు స్క్రూ తిప్పండి. బిగుసుకుపోకూడదు, జారిపోకూడదు. స్క్రూను స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించండి. బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరుగుతుంది, గ్యాప్ మారుతుంది. అందుకే బిగించాక మళ్లీ కొలవడం తప్పనిసరి. మొదట్లో ఒక్కో వాల్వ్‌కు మూడు నాలుగు సార్లు చేయాల్సి వస్తుంది. ఓపిక పట్టండి.

*8. తర్వాతి సిలిండర్లు.* ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-6-2-4-3-5. పుల్లీని 120 డిగ్రీలు, అంటే మూడో వంతు చుట్టు, గడియారం వైపే తిప్పితే ఆరో సిలిండర్ టీడీసీ వస్తుంది. పుల్లీ మీద 120 డిగ్రీలకొక గీత ఉంటుంది. ఇలా ఆరుసార్లు ఆగితే రెండు చుట్లలో ఆరు సిలిండర్లూ అయిపోతాయి. గీత దాటిపోతే వెనక్కి తిప్పకండి, మళ్లీ రెండు చుట్లు తిప్పి రండి.

*9. రెండో రౌండు.* అన్నీ అయ్యాక ఇంజన్‌ను చేత్తో కొన్ని చుట్లు తిప్పి, పన్నెండూ మళ్లీ మొదటి నుంచి కొలవండి. అనుభవం ఉన్నవాళ్లకు కూడా ఈ రౌండులో ఒకటో రెండో తేడాగా దొరుకుతాయి.

ఎలిఫెంట్ ఫుట్ అరిగి అడుగు సమంగా లేని ఇంజన్లలో బ్లేడు తప్పుడు అంకె చూపిస్తుంది. అలాంటి చోట కొందరు రాకర్‌కూ కామ్ గుండ్రటి వీపుకూ మధ్య కొలుస్తారు. రాకర్ రెండు చేతుల పొడవులు సమానం కావు కాబట్టి అక్కడ అంకె వేరు: అంగుళంలో 0.0025 మందం బ్లేడు దూరాలి, 0.003 దూరకూడదు. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. ముఖ్యంగా బండి కింద పడుకుని ఎగ్జాస్ట్ వాల్వ్‌లు చూసేటప్పుడు దూరిందా లేదా అన్నది స్పష్టంగా తెలుస్తుంది, ఒరిపిడిని ఊహించుకోవాల్సిన పని లేదు.

*10. మూయడం.* పాత గ్యాస్కెట్ మళ్లీ వాడకండి. మూత అంచు శుభ్రంగా తుడిచి, అద్దం మీద పెట్టి వంగిందేమో చూడండి. వేడికి కింది మూతలు వంగి ఆయిల్ కారడం ఈ బండ్లలో మామూలే. నట్‌లను 8 న్యూటన్ మీటర్లకు మించి బిగించకండి. ఆయిల్ కారకూడదని గట్టిగా బిగిస్తే అల్యూమినియంలోని మరలు ఊడి వస్తాయి, చిన్న పని పెద్దదవుతుంది.

*11. స్టార్ట్ చేయడం.* ఆయిల్ పోసి, డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్‌లు, వైర్లు పెట్టి స్టార్ట్ చేయండి. పని చేస్తున్నప్పుడు ఎగ్జాస్ట్ గొట్టాల మీద కారిన ఆయిల్ కాలి కాసేపు పొగ వస్తుంది, కంగారు పడకండి. పది నిమిషాల తర్వాత కూడా పొగ తగ్గకపోతే లీక్ కోసం వెతకండి. సరిగ్గా సెట్ చేసిన 911 ఇంజన్‌లో సన్నటి, సమమైన టకటక వినిపిస్తుంది. ముందుకంటే కాస్త ఎక్కువగా వినిపించినా అది మంచిదే. ఒక్క చోట మాత్రం విడిగా గట్టిగా కొడుతుంటే రేపు చల్లారాక ఆ వాల్వ్ మళ్లీ చూడండి.

రాసుకున్న అంకెలను ఎలా చదవాలి

పన్నెండింటిలో ఎక్కువ భాగం 0.10కి అటూ ఇటూగా ఉంటే గడువు బాగానే పాటిస్తున్నారని అర్థం. అన్నీ కొద్ది కొద్దిగా లూజ్ అయితే మామూలు అరుగుదల. ఒక్క ఇన్‌టేక్ మాత్రమే బాగా లూజ్ ఉంటే ఆ రాకర్ ముఖాన్ని, కామ్ లోబ్‌ను (ఉబ్బును) టార్చ్ వేసి చూడండి, గుంటలు ఉండవచ్చు.

ఒకే ఎగ్జాస్ట్ వాల్వ్ ప్రతి సెట్టింగ్‌లోనూ టైట్ అవుతూ వస్తుంటే మాత్రం నిజంగా టెన్షన్ పడాల్సిందే. సీటు లోపలికి దిగుతోందో, వాల్వ్ కాడ సాగుతోందో, గైడ్ అరిగి వాల్వ్ వంకరగా కూర్చుంటోందో తేల్చాలి. 3.2 కరెరాలో ఎగ్జాస్ట్ గైడ్లు త్వరగా అరగడం తెలిసిన విషయమే, ఆయిల్ తాగడం దాని ఇంకో గుర్తు. అలాంటి వాల్వ్‌ను పూర్తి గడువు దాకా వదలకండి, 5,000 మైళ్లకే మళ్లీ కొలవండి. రెండోసారి కూడా టైట్ అయితే లీక్‌డౌన్ చేయించి, హెడ్ పని గురించి నిర్ణయం తీసుకోండి. వాల్వ్ కాలకముందు హెడ్ విప్పితే వాల్వ్, గైడ్, సీటు మార్చడంతో సరిపోతుంది. కాలాక విప్పితే ఏమేం పోయాయో విప్పాకే తెలుస్తుంది.

హెడ్ పని జరిగి కొత్త వాల్వ్‌లు, కొత్త సీట్లు వేసిన ఇంజన్‌కు 15,000 మైళ్ల లెక్క వెంటనే వర్తించదు. కొత్త భాగాలు ఒకదానిలో ఒకటి కుదురుకుంటూ మొదటి వెయ్యి మైళ్లలోనే గ్యాప్ మారుతుంది. నా బండి హెడ్ అయ్యాక 900 మైళ్ల దగ్గర మూతలు తీస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ 0.10 నుంచి 0.07కి వచ్చింది. సరిచేసి, ఇంకో 5,000 మైళ్ల తర్వాత చూస్తే 0.10 అలాగే ఉంది. ఇప్పుడు ఆ పుస్తకం బండి గ్లవ్‌బాక్స్‌లోనే ఉంటుంది, మూడో సిలిండర్ వరుస కింద ఎర్ర గీతతో.